పావు ఎకరం

మా అమ్మాయి ఆరవ తరగతి చదువుతున్నది. నిరుడు వానాకాలంలో ఒక సాయంత్రం, మగ్రిబ్ నమాజు తరువాత, తన లెక్కల పుస్తకాన్ని తెచ్చి మా ఇద్దరి మధ్య చాప మీద పెట్టింది. హిందూపురంలో మాది చిన్న కిరాణా దుకాణం. ముందు గదిలో వ్యాపారం, వెనుక గదిలో కాపురం. కాటా, చిల్లర డబ్బా, బాకీల చిట్టా మధ్య బతికే దంపతులం కనుక లెక్కలు మాకు బాగా వచ్చునని మా నమ్మకం. ఆ పుటలో ఆరు లెక్కలున్నాయి. ఆరింటి మీదా ఎర్ర సిరాతో అడ్డగీత పడి ఉన్నది. అన్నీ మిశ్రమ భిన్నాల తీసివేతలే.

మొదటి లెక్కలో 10 నుంచి 1¼ తీసివేయాలి. అమ్మాయి 9¼ అని రాసింది. రెండవ లెక్కలో 7⅕ నుంచి 3⅘ తీసివేయాలి. దానికి 4⅗ అని రాసింది. దాచుకోవడం ఎందుకు, మొదటి చూపులో ఆ జవాబులు మాకు తప్పుగా తోచలేదు. పదిలో ఒకటి పోతే తొమ్మిది, పక్కన పావు ఉండనే ఉన్నది. ఏడులో మూడు పోతే నాలుగు, నాలుగులో ఒకటి పోతే మూడు. "మరి టీచరమ్మ తప్పెందుకు పెట్టారు?" అని ఎదురు మేమే అడిగాము. అమ్మాయి మా ఇద్దరి ముఖాలూ చూసి తల దించుకున్నది. అమ్మీకీ, అబ్బాకూ కూడా రాదని ఆమెకు అర్థమైపోయింది.

మాలో ఒకరు ఎనిమిదవ తరగతితో చదువు మానినవారు. మరొకరు బి.కాం. చదివినా, క్యాలిక్యులేటరు చేతికి వచ్చిన నాటి నుంచి భిన్నాల జోలికి పోలేదు. అయినా బిడ్డ ముందు ఓటమి ఒప్పుకోలేక, చిన్ననాడు బడిలో విన్న మాట ఒకటి గుర్తు తెచ్చుకుని చెప్పాము: "పై అంకె చాలకపోతే పక్క అంకె దగ్గర అప్పు తీసుకోవాలి."

ఆమె వెంటనే అడిగింది: "అప్పు తీసుకుంటే మళ్ళీ ఎప్పుడు తీర్చాలి?"

అప్పు అనే మాట మా ఇంట్లో తేలికైనది కాదు. అమ్మాయి దాదా, అంటే మా ఇంటి పెద్దాయన, మరణించే నాటికి పెనుకొండ దగ్గర పదకొండున్నర ఎకరాల మెట్ట భూమి ఉండేది. బోర్ల కోసం చేసిన అప్పు కూడా ఉండేది. నీళ్ళు పడని బోర్ల అప్పు మా అనంతపురం సీమలో చాలా ఇళ్ళకు తెలిసినదే. ఎకరన్నర అమ్మి ముందు ఆ అప్పు తీర్చాము. ఆ తరువాతే పంపకం మాట ఎత్తాము. అటువంటి ఇంట్లో పుట్టిన పిల్ల అప్పు ఎప్పుడు తీర్చాలని అడిగితే, ఊరికే అలా అంటారులే అని దాటవేయడానికి మనసు ఒప్పలేదు.

ఇషా తరువాత భోజనాలకు కూర్చున్నప్పుడు పళ్ళెంలో పది రొట్టెలు ఉన్నాయి. "ఇందులోంచి ఒకటింబావు తీసి ఇవ్వు" అన్నాము. అమ్మాయి ఒక రొట్టె తీసి పక్కన పెట్టింది. తరువాత పావు కోసం చూసింది. పళ్ళెంలో పావు రొట్టె ఎక్కడ ఉన్నది? మిగిలిన తొమ్మిదీ నిండు రొట్టెలే. కాసేపు ఆలోచించి, పైనున్న రొట్టెను నాలుగు ముక్కలు చేసింది. ఒక ముక్క తీసి ఇచ్చింది. పళ్ళెంలో ఎనిమిది నిండు రొట్టెలు, మూడు పావు ముక్కలు మిగిలాయి.

"ఎనిమిదీ ముప్పావు!" అన్నది. ఆ వెంటనే, "అప్పు ఎవరి దగ్గరా తీసుకోలేదు. మనదే ఒకటి విప్పాము, అంతే" అన్నది.

ఆ మాటతో ముడి వీడింది. 10 అనే సంఖ్యలో పావులు కనిపించవు గాని, దానిలో ఒక నిండు ఒకటిని విప్పితే నాలుగు పావులు బయటికి వస్తాయి. అప్పుడు 10 కాస్తా 9 4/4 అవుతుంది. విలువ మారలేదు, రూపం మాత్రమే మారింది. అందులోంచి 1 1/4 తీస్తే 8 3/4. రెండవ లెక్క కూడా అంతే. 7⅕లో ఒక అయిదవ వంతు మాత్రమే ఉన్నది, ఇవ్వవలసినవి నాలుగు. ఏడులో ఒకదాన్ని విప్పితే అయిదు అయిదవ వంతులు వచ్చి, ఉన్నదానితో కలిసి ఆరు అవుతాయి. 6 6/5 నుంచి 3 4/5 తీస్తే 3 2/5. ముక్కలు ఒకే కొలతవి కాకపోతే ముందు వాటిని ఒకే కొలతకు తేవాలి. 4½ నుంచి 1⅔ తీయాలంటే, రెంటినీ ఆరవ వంతులుగా మార్చుకోవాలి. 4 3/6 నుంచి 1 4/6 తీయవలసి ఉంటుంది. మూడు నుంచి నాలుగు పోదు కనుక ఒకటి విప్పితే 3 9/6. తీసివేస్తే 2 5/6. హారాల కనిష్ఠ సామాన్య గుణిజం అని బడిలో చెప్పేది ఈ ఒకే కొలత కోసమే.

మరునాడు మాకే ఆసక్తి కలిగి, తెలిసినవారిని అడిగి కొన్ని సంగతులు తెలుసుకున్నాము. భిన్నం అంటే సంస్కృతంలో పగిలినది, విడిపోయినది అని అర్థం. అరబీలోనూ, ఉర్దూలోనూ భిన్నాన్ని కసర్ అంటారు. దానికీ విరగడమనే అర్థం. ఇక బీజగణితానికి అరబీలో ఉన్న పేరు అల్ జబ్ర్. జబ్ర్ అంటే విరిగినదాన్ని తిరిగి అతకడం. విరిగిన ఎముకను సరిచేసి కట్టడానికీ అదే మాట. ఆ పేరును లోకానికి ఇచ్చినది అల్ ఖ్వారిజ్మీ. 820 ప్రాంతంలో, ఖలీఫా మామూన్ కాలంలో, బాగ్దాద్ నగరంలో ఆయన రాసిన గ్రంథంలో చాలా భాగం వీలునామాలకూ, వారసత్వపు లెక్కలకూ సంబంధించినదే. ప్రజలకు పంపకాలలో, వ్యాజ్యాలలో, వ్యాపారంలో, భూమి కొలతలో అవసరమయ్యే లెక్కల కోసం ఆ గ్రంథం రాస్తున్నట్లు ఆయనే ముందుమాటలో చెప్పుకున్నారు. ఇంచుమించు అదే శతాబ్దంలో మన పొరుగున కన్నడ దేశంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, జైన పండితుడు మహావీరాచార్యులు గణితసార సంగ్రహం రచించి, అందులో భిన్నాలకు ఒక ప్రత్యేక భాగాన్నే కేటాయించారు. దానిని తరువాతి కాలంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చారు. మా అమ్మాయిని ఏడిపించిన లెక్క వెనుక ఇంత దూరపు దారి ఉన్నదని మాకు అంతవరకు తెలియదు.

వారసత్వపు లెక్క అనగానే మాకు ఒక ఆలోచన వచ్చింది. పుస్తకంలోని అంకెలు ఎవరివో తెలియవు. మన ఇంటి అంకెలే ఇస్తే పిల్లకు గుర్తుంటాయి గదా అనుకున్నాము. ఆ ఆదివారం ఇనుప పెట్టెలోంచి పంపకం కాగితాన్ని, దానితోపాటు గుత్త చిట్టాను తీసి ఆమె ముందు పెట్టాము.

అప్పు తీరిన తరువాత మిగిలినది పది ఎకరాలు. దివ్య ఖుర్‌ఆన్ అన్నిసా సూరాలో పేర్కొన్న వాటాలు సగం, నాలుగవ వంతు, ఎనిమిదవ వంతు, మూడింట రెండు వంతులు, మూడవ వంతు, ఆరవ వంతు. ఆరు భిన్నాలూ ఇరవై నాలుగు అనే ఒక్క హారం కిందికి వస్తాయి. చనిపోయినవారి అప్పు, వసీయత్ ఉంటే అది, ఇవి తీసివేసిన తరువాతే ఈ వాటాలు మొదలవుతాయని ఆ ఆయతులలోనే ఉన్నది. వసీయత్ ఆస్తిలో మూడవ వంతు దాటరాదని దైవప్రవక్త (స) హద్దు పెట్టారు. అంటే పంపకం అనేది భాగహారంతో కాదు, తీసివేతతో మొదలవుతుంది. మా పెద్దాయన వసీయత్ ఏదీ చేయలేదు. వారసులు నలుగురు: ఆయన భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు.

"దాదీమాకు ఎనిమిదవ వంతు. పదిలో ఎంత?" అని అడిగాము. "ఒకటింబావు" అన్నది. "పదిలోంచి అది తీస్తే?" రొట్టెల లెక్క గుర్తుకు వచ్చి అమ్మాయి నవ్వింది. "ఎనిమిదీ ముప్పావు." ఎనిమిదీ ముప్పావు అంటే ముప్పై అయిదు పావులు. కొడుకుకు రెండు వంతులు, కూతురికి ఒక వంతు చొప్పున మొత్తం అయిదు వంతులు. ఒక్కో వంతుకు ఏడు పావులు. కనుక పెద్దన్నకు మూడున్నర ఎకరాలు, మాకు మూడున్నర, ధర్మవరంలో ఉన్న మా ఆడపడుచుకు ఎకరా ముప్పావు. కాగితం మీద 1 ఎకరా 75 సెంట్లు అని స్పష్టంగా రాసి ఉన్నది.

మా ఆడపడుచు వాటా మా వాటాను ఆనుకునే ఉన్నది. వారు నేత పనిలో ఉండి సేద్యం చేయలేరు. మేము దుకాణం వదలి రాలేము. అందుకని రెండు వాటాలూ కలిపి, 5¼ ఎకరాలు, ఒకే రైతుకు గుత్తకు ఇచ్చాము. ఏటా గుత్త డబ్బు మా చేతికి వస్తుంది. ఆమె భాగం మేము ధర్మవరం పంపుతాము.

"అయిదుంబావు ఎకరాలలో ఫుప్పూది ఎకరా ముప్పావు పోతే మనది ఎంత?" ఇది మేము ఇచ్చిన చివరి లెక్క. పావులో ముప్పావు పోదు కనుక ఒకదాన్ని విప్పాలి. అమ్మాయి ఈసారి బడిలో చెప్పిన మరో పద్ధతిలో చేసింది. అన్నిటినీ పావులుగా మార్చివేసింది. అపక్రమ భిన్నాలుగా మార్చడం అంటే అదే. 21/4 నుంచి 7/4 తీస్తే 14/4, అంటే మూడున్నర. ఒక్క తప్పూ లేదు. మా ఆనందానికి అంతు లేదు.

ఆమె మాత్రం పుస్తకం మూయలేదు. పక్కనున్న చిట్టా తిప్పుతూ ఒక పుట దగ్గర ఆగింది. మరో పుట తిప్పింది. ఆపైన ఇంకొకటి. తరువాత అడిగింది: "అబ్బా, గుత్త ఎకరాకు నాలుగు వేలు కదా? అయితే పావు ఎకరాకు వెయ్యి. నా లెక్కలో ఇరవై ఒకటి, ఏడు, పద్నాలుగు వచ్చాయి. మీ చిట్టాలో ఇరవై ఒక్క వేలు, ఆరు వేలు, పదిహేను వేలు అని ఉన్నది. ఎవరిది తప్పు?"

మేము చిట్టా అందుకుని చూశాము. తొమ్మిది సంవత్సరాలు. ప్రతి ఏటా అదే వరుస. గుత్త రాబడి 21,000. ధర్మవరానికి 6,000. మిగులు 15,000.

ఎలా జరిగిందో గుర్తు చేసుకోవడం కష్టం కాలేదు. మొదటి ఏడు డబ్బు పంపే రోజున మాలో ఒకరు "వాళ్ళది ఎంత?" అని అడిగితే, మరొకరు "ఎకరన్నర చిల్లర" అన్నారు. ఆ చిల్లర ఆ రోజే మాటలోంచి జారిపోయింది. ఎకరన్నరకు ఆరు వేలు అని చిట్టాకు ఎక్కింది. రెండవ ఏడు మొదటి ఏటి పుట చూసి రాశాము. మూడవ ఏడు రెండవ ఏటి పుట చూశాము. కాగితంలో సెంట్లతో సహా ఉన్నది చిట్టాలోకి రాలేదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మనసు ఊరుకుంటుందా, సాకులు వెతికింది. ఏటా పండుగకు ఆమెకు చీర పెడుతున్నాము గదా? ధర్మవరం వెళ్ళి ఇచ్చి రావడానికి చార్జీలు అవుతున్నాయి గదా? ఆమె ఒక్కనాడూ అడగలేదు గదా? ఒక్కొక్క సాకునూ ఎదురుగా పెట్టుకుని చూస్తే ఒక్కటీ నిలువలేదు. చీర మేము ప్రేమతో ఇచ్చినది. వాటా ఆమె హక్కు. కానుకను హక్కులో చెల్లువేయడానికి మాకు అధికారం లేదు. కొద్దిదైనా, ఎక్కువదైనా తల్లిదండ్రుల ఆస్తిలో స్త్రీలకు వాటా ఉన్నదని అల్లాహ్ నిర్ణయించినప్పుడు, ఆ కొద్ది అనే మాటలో మా పావు ఎకరం కూడా ఉన్నది.

మరొక సంగతి ఇంతకంటే గట్టిగా గుచ్చుకున్నది. రైతు దగ్గర మేము అయిదుంబావు ఎకరాలకూ గుత్త పుచ్చుకున్నాము. అక్కడ పావును మరచిపోలేదు. ఇచ్చేటప్పుడే మరచిపోయాము. తీసుకునేటప్పుడు నిండుగా కొలుచుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించి కొలిచేవారి గురించి అల్ ముతఫ్ఫిఫీన్ సూరాలో ఉన్న హెచ్చరికను దుకాణం పెట్టిన నాటి నుంచి మేము భయంతో చదువుకుంటూ వచ్చాము. కాటా సరిగా ఉన్నదో లేదో రోజూ పొద్దున్నే చూసుకుంటాము. ఆ ఆయతులు కాటాకే గాని చిట్టాకు కూడా వర్తిస్తాయని మాకు తోచలేదు.

తెల్లవారుజామున అమ్మాయి పుస్తకంలోని ఆ ఆరు తప్పు లెక్కలను మరల తీసి చూశాము. అప్పుడు ఒక విషయం కనబడింది. 8¾ రావలసిన చోట 9¼ వచ్చింది. 3⅖ రావలసిన చోట 4⅗ వచ్చింది. ఆరు తప్పులూ ఆరు రకాలుగా లేవు. ఆరింటిలోనూ జవాబు అసలు కంటే ఎక్కువే వచ్చింది. ఒక్కదానిలోనూ తక్కువ రాలేదు. ఇది యాదృచ్ఛికం కాదు. ఇవ్వవలసిన ముక్క మన ముక్క కంటే పెద్దదైనప్పుడు, నిండు ఒకటిని విప్పకుండా అంకెలను తారుమారు చేసి చిన్నదానిని పెద్దదానిలోంచి తీసివేస్తే, మిగిలేది ఎప్పుడూ పెరుగుతుందే గాని తగ్గదు. ఈ తప్పు ఎప్పుడూ మిగుల్చుకునేవాడి వైపే మొగ్గుతుంది. మా తప్పూ అంతే. ఎకరా ముప్పావు అనేది ఎకరన్నరకూ రెండు ఎకరాలకూ సరిగ్గా నడిమధ్యన ఉన్నది. సుమారుగా చెప్పవలసి వస్తే రెండు ఎకరాలు అని ఎందుకు చెప్పలేదు? తొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా మా నోరు అటు ఎందుకు జారలేదు? బిడ్డది తెలియక చేసిన తప్పు. మాది కూడా తెలియక చేసినదేనని అనుకుంటాము గాని, ఆ తెలియకపోవడం మాకు లాభసాటిగా ఉన్నది.

తొమ్మిది వేల రూపాయలు. మాకు అంత పెద్ద మొత్తం కాదు, మరీ చిన్నదీ కాదు. మరుసటి ఆదివారం దుకాణం మూసి, ముగ్గురం బయలుదేరాము.

ధర్మవరం వెళ్ళే దారిలోనే పెనుకొండ. విజయనగర రాజులకు తళ్ళికోట యుద్ధం తరువాత రాజధాని అయిన ఊరు. కోట గోడలు, కొండ, బాబయ్య దర్గా పేరు చెబితే చాలామంది పాఠకులకు తెలిసే ఉంటుంది. పెద్దన్న ఇంట్లో దాదీమా ఉన్నారు. ఆమెకు చదువు లేదు. మనుమరాలు ఒళ్ళో కూర్చుని, "దాదీమా, అయిదుంబావులోంచి ఎకరా ముప్పావు తీస్తే ఎంత?" అని పరీక్ష పెట్టింది. తెలుగులో అడిగిన లెక్కను దాదీమా మనసులో తన ఇంటి మాటలోకి మార్చుకున్నారు. "సవా పాంచ్ మే సే పౌనే దో" అని గొణుక్కుని, రెప్ప వేసినంతలో "సాడే తీన్" అన్నారు. అంటే మూడున్నర.

మేము నిర్ఘాంతపోయాము. ఎలా చేశారని అడిగితే ఆమెకే నవ్వు వచ్చింది. "ఇందులో చేసేదేముంది? పౌనే దో అంటేనే రెండుకు పావు తక్కువ. ముందు రెండూ ఇచ్చెయ్. సవా తీన్ మిగిలింది. ఎక్కువ ఇచ్చిన పావు వెనక్కి తీసుకో. సాడే తీన్."

ఉర్దూలో సవా అంటే పైన పావు, సాడే అంటే పైన సగం, పౌనే అంటే పావు తక్కువ. ఎకరా ముప్పావు అని మేము ఒకటి దగ్గర మొదలుపెట్టి ముక్కలు చేర్చుకుంటాము. దాదీమా మాటలో అదే సంఖ్య రెండు దగ్గర మొదలై పావు తగ్గుతుంది. ఆ మాటలోనే తీసివేత ఇమిడి ఉన్నది. ఆమె పద్ధతిలో దేనినీ విప్పనక్కరలేదు. ముందు నిండుగా ఇవ్వడం, ఆ తరువాత న్యాయంగా తనకు రావలసినంత వెనక్కి తీసుకోవడం. తొమ్మిదేళ్ళ క్రితం మేము ఆమె మాటలో లెక్క వేసుకుని ఉంటే, మరచిపోయినా రెండు ఎకరాలే గుర్తుండేవి.

వచ్చిన పని చెప్పాము. దాదీమా చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "ఆయన అప్పు ఒక్క రూపాయి లేకుండా తీర్చారని సంతోషించాను. ఆయన కూతురి అప్పు మీ దగ్గర ఉన్నదని నాకు తెలియదు. పొద్దు పోకముందే వెళ్ళండి" అన్నారు. నీళ్ళు తాగి లేచాము.

ధర్మవరంలో మా ఆడపడుచు ఇంటి ముందు గదిలోనే మగ్గం ఉన్నది. ఆ వీధిలో దాదాపు ప్రతి ఇంటి నుంచీ మగ్గం చప్పుడు వినవస్తుంది. పట్టు పోగు తెగితే ఆపి, రెండు కొసలూ వేళ్ళతో నలిపి అతికి, మళ్ళీ నేత సాగిస్తారు. మమ్మల్ని చూసి ఆమె లేవబోయి, తెగిన పోగు ఒకటి అతికి మరీ లేచింది. "భయ్యా, భాభీ, చెప్పకుండా వచ్చారేమి? అమ్మకు బాగానే ఉన్నది కదా?" అన్నది.

చిట్టాను ఆమె ముందు తెరిచి పెట్టాము. అమ్మాయి చేత లెక్క చేయించి చూపించాము. ఇరవై ఒకటి, ఏడు, పద్నాలుగు. తొమ్మిది వేల రూపాయలు చాప మీద పెట్టి, మా వల్ల జరిగిన తప్పును మన్నించమని అడిగాము.

ఆమె డబ్బు వైపు చూడలేదు. "నాకు మొదటి ఏడే తెలుసు భయ్యా" అన్నది.

ఆమె దగ్గరా పంపకం కాగితం నకలు ఉన్నది. ఆమె మగ్గం లెక్కలు ఆమే చూసుకుంటుంది. ఆరు వేలు వచ్చిన రోజునే వెయ్యి తగ్గిందని తెలుసుకున్నది. "మరి అడగలేదేమి?" అన్నాము. ఆ ప్రశ్న అడగడానికి కూడా మాకు అర్హత లేదని అడిగిన తరువాత తెలిసింది. ఆమె కొంగు సర్దుకుంటూ నెమ్మదిగా చెప్పింది: "అడిగితే మీరు ఇచ్చేవారే. కాని ఆ తరువాత నేను పుట్టింటికి వచ్చినప్పుడల్లా, వాటా అడిగిన ఆడబిడ్డ వచ్చిందని ఎవరో ఒకరు అనుకుంటారు. వెయ్యి రూపాయలకు పుట్టింటి గడప పోగొట్టుకోలేక ఊరుకున్నాను."

మాలో ఎవరమూ తలెత్తలేకపోయాము. తొమ్మిదేళ్ళుగా ఆమె మౌనాన్ని మేము సమ్మతి అనుకున్నాము. అది భయమని ఆ క్షణంలో తెలిసింది. మేము కోల్పోబోయినది తొమ్మిది వేలు కాదు.

"పోనీ భయ్యా, నేను మాఫ్ చేశాను. తీసుకువెళ్ళండి, పిల్ల చదువుకు వాడండి" అన్నది. చాలా ఇళ్ళలో ఇటువంటి కథ ఈ మాటతోనే ముగుస్తుంది. అన్నదమ్ములు కళ్ళు తుడుచుకుంటారు, డబ్బు మళ్ళీ జేబులోకి వెళుతుంది. మేము ఒప్పుకోలేదు. చేతికి రాని దాన్ని మొగమాటానికి వదులుకోవడం మాఫీ కాదు. ముందు ఆమె హక్కు ఆమె చేతికి చేరాలి. ఆపైన ఆ డబ్బును ఏమి చేయాలన్నది ఆమె ఇష్టం. అలాగే చెప్పాము. ఆమె కాసేపు తటపటాయించి, డబ్బు తీసుకుని, మా ఎదుటనే లెక్కపెట్టుకున్నది. అలా లెక్కపెట్టుకోవడం చూసి మా గుండె బరువు దిగింది. ఆమె లెక్కపెట్టకుండా కొంగున కట్టుకుని ఉంటే, ఆ భయం ఇంకా పోలేదని అనుకునేవాళ్ళం. ఆ డబ్బులోంచి పిల్లకు ఏమీ ఇవ్వలేదు. మా మాటను మన్నించినట్లు తోచింది.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మాయి దారి పొడుగునా లెక్కలు కడుతూనే ఉన్నది. మరునాడు బడిలో తిరిగి పరీక్ష. ఏ పద్ధతిలో చేయాలని అడిగింది. మూడూ సరైనవేనని చెప్పాము. నిండు ఒకటిని విప్పి చేయవచ్చు. అన్నిటినీ ఒకే రకం ముక్కలుగా మార్చి చేయవచ్చు. దాదీమాలాగా ముందు నిండుగా తీసి, ఎక్కువైనది తిరిగి కలుపుకోవచ్చు. ఏది చేసినా చివర ఒక పని తప్పక చేయమన్నాము. మిగిలినదాన్నీ, ఇచ్చినదాన్నీ కలిపి చూసుకోవాలి. మూడున్నర, ఎకరా ముప్పావు కలిపితే అయిదుంబావు రావాలి. మొదటి రోజు 9¼కు 1¼ కలిపి చూసి ఉంటే పది రొట్టెలు పదిన్నర అయ్యేవి, తప్పు అక్కడే పట్టుబడేది.

అయితే మా చిట్టాకు ఆ పరీక్ష పెట్టినా తప్పు దొరికేది కాదు. పదిహేను వేలు, ఆరు వేలు కలిపితే ఇరవై ఒక్క వేలు సరిగ్గానే వస్తాయి. కూడిక సరిపోయినంత మాత్రాన పంపకం సరైనదని చెప్పలేము. తీసివేయవలసిన సంఖ్యనే తక్కువగా రాసుకున్నప్పుడు, దాన్ని సరిచూడడానికి అసలు కాగితం ఒక్కటే దారి. అందుకే ఈ నాలుగు మాటలు మీ ముందు పెట్టాము. ఏటా జకాతు కోసం నలభయ్యవ వంతు కట్టే మన ఇళ్ళకు భిన్నాలు కొత్తవి కావు. ఈ నెలలో ఒక సాయంత్రం పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని, ఇనుప పెట్టెలోని కాగితం పక్కన చిట్టా పెట్టి, ఆ లెక్క వారి చేత చేయించి చూడండి. ఆడపడుచులు అడగలేదని ఊరుకోకండి.

ఈ ఏడు గుత్త డబ్బు వచ్చింది. చిట్టాలో ఆ వరుసను మా అమ్మాయి చేత రాయించాము. రాబడి 21,000. ధర్మవరానికి 7,000. మిగులు 14,000. కింద కొద్దిగా చోటు ఉంటే, ఎవరూ చెప్పకుండానే, 1¾ అని రాసి దాని చుట్టూ గుండ్రంగా గీత గీసింది. తెలిసీ తెలియక మేము తగ్గించిన కొలతలను అల్లాహ్ మన్నించుగాక.